గ్రాఫ్ థియరీలో పీహెచ్‌డీ చేస్తే ఏ దారి? వరంగల్ నుంచి చూస్తే

క్లుప్తంగా

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయ్యాక త్వరగా పరిశోధనలోకి దిగనిచ్చే విభాగాల్లో గ్రాఫ్ థియరీ ఒకటి. అయితే ఫెలోషిప్‌కూ అధ్యాపక ఉద్యోగానికీ దారి తీసే నెట్ పరీక్ష సిలబస్‌లో ఆ పేరే కనబడదు. ఈ రెంటి మధ్య ఎడం, గైడ్ల కొరత, పేపర్ల లెక్క, ఎంచుకున్న సమస్య లోతు కలిసి ఈ రంగంలో ఒకరి భవిష్యత్తును తేలుస్తున్నాయి. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి ఈ దారి పట్టేవారికి అది ఎలా ఉంటుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇది ఏ గ్రాఫ్?

గ్రాఫ్ అనగానే పదో తరగతి గ్రాఫు కాగితం, ఎక్స్ అక్షం, వై అక్షం గుర్తొస్తాయి. ఇది ఆ గ్రాఫ్ కాదు. కొన్ని చుక్కలు, వాటిలో కొన్నిటిని కలిపే గీతలు, అంతే. చుక్కను శీర్షమనీ గీతను అంచు అనీ పుస్తకాలు రాస్తాయి. తరగతి గదిలో మాత్రం వర్టెక్స్, ఎడ్జ్ అనే మాటలే వినబడతాయి. చుక్క ఎక్కడ పెట్టారు, గీత తిన్నగా ఉందా వంకరగా ఉందా అన్నవి లెక్కలోకి రావు. ఏది దేనితో కలిసి ఉందన్నదే లెక్క.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఇలాగే గీయొచ్చు. ప్రతి చెరువూ ఒక చుక్క. చెరువు నిండి మత్తడి దూకితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయో అటు ఒక బాణం. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి బాణాల వెంట ఎంత దూరం పోయినా బయల్దేరిన చెరువుకు తిరిగి రావడం ఉండదు. ఏదైనా కట్ట తెగితే దిగువన ఎన్ని చెరువులకు ముప్పు అనే ప్రశ్న, ఆ చుక్క నుంచి బాణాల వెంట చేరగల చుక్కలు ఏవేవి అనే గణిత ప్రశ్నగా మారుతుంది.

రైలు పటం తీరు వేరు. కాజీపేట దగ్గర మూడు దారులు కలుస్తాయి: సికింద్రాబాద్ వైపు, వరంగల్ మీదుగా విజయవాడ వైపు, పెద్దపల్లి మీదుగా బల్హార్షా వైపు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్‌కు వేసిన లైను 2017 నాటికి పూర్తయింది. దాంతో సికింద్రాబాద్, కాజీపేట, పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్, మళ్లీ సికింద్రాబాద్ అని ఒక చుట్టు ఏర్పడింది. చుట్టులో ఏ ఒక్క గీత తెగినా రెండో వైపు నుంచి చేరుకోవచ్చు. చుట్టులో లేని గీత తెగితే పటం రెండు ముక్కలవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. ఉత్తర తెలంగాణ పటం వరకే చూస్తే ఆ గీత ఏ చుట్టులోనూ లేదు. గుంటూరు, నడికుడి మీదుగా సికింద్రాబాద్ వచ్చే లైనును కూడా పటంలోకి తెస్తే అదీ ఒక చుట్టులో భాగమే. పటం ఎంతవరకు గీశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. గ్రాఫ్ థియరీలో మొదట అలవడాల్సిన జాగ్రత్త ఇదే.

ఈ శాస్త్రానికి మూలం 1736 నాటి ఆయిలర్ వ్యాసం. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లోని ఏడు వంతెనలను ఒక్కోసారి మాత్రమే దాటుతూ అన్నిటినీ చుట్టిరావడం కుదరదని ఆయన తేల్చాడు. పటాలకు నాలుగు రంగులు చాలునా అన్న ప్రశ్న 1852లో పుట్టింది. 1976లో అప్పెల్, హాకెన్‌లు కంప్యూటర్ సాయంతో దానికి జవాబు రాబట్టారు. బడిపిల్లవాడికి అర్థమయ్యే ప్రశ్న నూట ఇరవై నాలుగేళ్లు నిలిచింది.

ఎందుకు ఇంతమంది ఇటు వస్తారు?

బీజ జ్యామితి (అల్జీబ్రాయిక్ జామెట్రీ) లాంటి విభాగంలో కొత్త సమస్యను చేపట్టాలంటే ముందు రెండు మూడేళ్లు చదువుకే పోతాయి. గ్రాఫ్ థియరీలో ఒక మంచి పాఠ్యపుస్తకం పూర్తిచేసిన విద్యార్థి ఎవరూ తేల్చని ప్రశ్నను అర్థం చేసుకోగలడు, చిన్న ఉదాహరణల మీద చేత్తో పరీక్షించగలడు. ల్యాబ్ అక్కర్లేదు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే సేజ్‌మ్యాథ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. నిధులు తక్కువగా ఉండే రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఇది చిన్న సౌలభ్యం కాదు.

ఆ సౌలభ్యానికీ ఒక హద్దుంది. నాలుగు చుక్కలతో వేర్వేరు రూపాల గ్రాఫ్‌లు 11 మాత్రమే. అయిదు చుక్కలకు 34, ఆరు చుక్కలకు 156. నోట్‌బుక్కులో గీసి చూడటం ఇక్కడితో ఆగుతుంది. పది చుక్కలకు ఆ సంఖ్య 1,20,05,168. గీసి చూసి నమూనా పట్టుకోవడం ఒక నైపుణ్యం. ఆ నమూనా ఎప్పటికీ తప్పదని నిరూపించడం ఇంకో నైపుణ్యం. మొదటిది ఎవరికైనా త్వరగా అబ్బుతుంది. రెండోదానికి గ్రాఫ్ థియరీ బయటి నుంచి పనిముట్లు తెచ్చుకోవాలి.

పరీక్ష అడిగేది ఒకటి, థీసిస్ ఇంకొకటి

గణితంలో సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ 200 మార్కుల పేపరు. ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ ఎనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, న్యూమరికల్ ఎనాలిసిస్, స్టాటిస్టిక్స్ అన్నీ ఉంటాయి. పెర్ముటేషన్లు, కాంబినేషన్లు, పావురాల గూళ్ల సూత్రం వరకు వస్తాయి. గ్రాఫ్ థియరీ రాదు. గేట్ మ్యాథమెటిక్స్‌లోనూ దానికి విడిగా అధ్యాయం లేదు. గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్లో మాత్రం గ్రాఫ్‌ల కనెక్టివిటీ, మ్యాచింగ్, కలరింగ్ ఉన్నాయి. ఈ అమరిక ఫలితంగా గ్రాఫ్‌ల గురించి ప్రవేశ పరీక్షలో జవాబు చెప్పాల్సింది బీటెక్ కంప్యూటర్స్ విద్యార్థి. వాటి మీద పీహెచ్‌డీ చేయబోయే గణిత విద్యార్థికి ఆ అవసరం రాదు.

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. అది లేనివాళ్లలో చాలామంది జూనియర్ కాలేజీలోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన సాగించాల్సి వస్తుంది. రోజుకు నాలుగైదు క్లాసులు చెప్పి వచ్చి రాత్రి పూట ఒక నిరూపణ మీద కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. లోతైన సమస్యకు నెలల తరబడి తెగని ధ్యాస కావాలి. ఆ వీలు లేనివాళ్లు చిన్న సమస్యలను ఎంచుకోవడం వాళ్ల తెలివికి కొలత కాదు, వాళ్ల చేతిలో ఉన్న సమయానికి కొలత.

ఇందులో గమనించాల్సిన మెలిక ఒకటుంది. నెట్‌లో గ్రాఫ్ థియరీ లేకపోయినా ఈ రంగంలో ఇటీవలి పెద్ద విజయాలకు వాడిన పనిముట్లు నెట్ సిలబస్ పరిసరాల్లోనే ఉన్నాయి. 2019లో హావో హువాంగ్ దాదాపు ముప్ఫై ఏళ్లుగా తేలని, అవును–కాదు జవాబిచ్చే ఫంక్షన్ల మీది ఊహ అయిన సెన్సిటివిటీ కంజెక్చర్‌ను కొద్ది పేజీల్లో నిరూపించారు. దాని గుండెకాయ, ఘనాన్ని ఎక్కువ కొలతలకు పెంచితే వచ్చే హైపర్‌క్యూబ్ గ్రాఫ్‌కు తగిలించిన ఒక మాత్రిక, దాని ఐగెన్ విలువలు. ఎమ్మెస్సీ లీనియర్ ఆల్జీబ్రా బాగా వచ్చినవారు ఆ నిరూపణను ఒక మధ్యాహ్నంలో చదివి అర్థం చేసుకోవచ్చు. 2022లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న జూన్ హ, గ్రాఫ్‌లకు రంగులు వేసే పద్ధతులను లెక్కించే బహుపది గురించి 1968 నాటి రీడ్ ఊహను తేల్చింది బీజ జ్యామితి దారిలో. కాబట్టి నెట్ కోసం చదివినదాన్ని పరీక్ష అవగానే అటక మీద పడేసే స్కాలర్ తన పనిముట్ల పెట్టెనే పడేస్తున్నట్టు.

ఏడు జట్లు, ఇరవై ఒక్క ఆటలు

సమస్యను ఎంచుకోవడంలో తేడా ఎంత దూరం తీసుకుపోతుందో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ఏడు కాలేజీల కబడ్డీ జట్లు ఉన్నాయనుకుందాం. వాటికి 0 నుంచి 6 దాకా నంబర్లు ఇచ్చారు. ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఒక్కోసారి ఆడాలంటే మొత్తం 21 ఆటలు. రోజుకు మూడు ఆటలు, ఏడు రోజులు. మొదటి రోజు 0–3, 3–1, 1–2 ఆటలు పెట్టండి. రెండో రోజు ప్రతి నంబరుకూ ఒకటి కలపండి: 1–4, 4–2, 2–3. అలాగే కలుపుతూ పోండి, 6 తర్వాత మళ్లీ 0 వస్తుందనుకోండి. ఏడో రోజు 6–2, 2–0, 0–1 ఆటలతో టోర్నీ ముగుస్తుంది. ఏ ఆటా రెండుసార్లు రాదు, ఏదీ మిగలదు.

ఇది ఎందుకు కుదిరింది? మొదటి రోజు ఆటల్లో నంబర్ల తేడాలు 3, 2, 1. మూడూ వేర్వేరు. 0, 3, 1, 2 అనే వరుసను నాలుగు చుక్కల గొలుసు మీద రాస్తే, గీతల మీద తేడాలు 1 నుంచి 3 దాకా ఒక్కోసారి వస్తాయి. చుట్టు లేకుండా కలిసి ఉండే గ్రాఫ్‌ను ట్రీ అంటారు. ఇలాంటి నంబర్లు అమరిన ట్రీకి గ్రేస్‌ఫుల్ లేబులింగ్ ఉందంటారు. ప్రతి ట్రీకీ ఇది సాధ్యమా? అలెగ్జాండర్ రోసా 1967లో ఈ రకం లేబుళ్లను ప్రవేశపెట్టాడు. ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. 35 చుక్కల వరకు ఉన్న ట్రీలన్నిటికీ కుదురుతుందని కంప్యూటర్లు చూపించాయి, అంతే.

రోసాకు లేబుళ్లు ఒక సాధనం మాత్రమే. ఆయన గురి 1963లో రింగెల్ వేసిన ప్రశ్న మీద ఉంది. మన కబడ్డీ టోర్నీకి పెద్ద రూపం అది: ఎన్ని గీతలున్న ట్రీ అయినా, ఆ గీతల సంఖ్యకు రెట్టింపు మీద ఒకటి ఎక్కువ చుక్కలున్న, ప్రతి రెండు చుక్కల మధ్యా గీత ఉన్న పూర్తి గ్రాఫ్‌ను ఆ ట్రీ నకళ్లతో ముక్కలు చేయొచ్చా? ఇక్కడి నుంచి దారి రెండుగా చీలింది.

ఒక దారిలో లేబులింగ్ తనకు తానే ఒక రంగమైపోయింది. ఈ ఆకారపు ట్రీకి గ్రేస్‌ఫుల్ లేబులింగ్ ఉంది, ఆ ఆకారపు గ్రాఫ్‌కు ఇంకో రకం లేబులింగ్ ఉంది అంటూ పేపర్లు వచ్చాయి. జోసెఫ్ గాలియన్ 1998 నుంచి నవీకరిస్తూ వస్తున్న సర్వే వ్యాసంలో 200కు పైగా లేబులింగ్ రకాలు, వేల పేపర్ల ప్రస్తావన ఉంది. ఆ జాబితాలో భారతీయ పేర్లు విస్తారంగా కనబడతాయి. ఈ పేపర్లలో తప్పేమీ లేదు, లెక్కలు సరిగ్గానే ఉంటాయి. కానీ ఒక కుటుంబానికి (ఒకే తరహా ఆకారాల గుంపుకు) చేసిన పని పక్క కుటుంబానికి పనికిరాదు. పది పేపర్లు రాశాక కూడా ప్రతి ట్రీకీ అన్న అసలు ప్రశ్న అంతే దూరంలో ఉంటుంది.

రెండో దారిలో 2020లో మాంట్‌గోమరీ, పొక్రోవ్‌స్కీ, సుడాకోవ్‌లు రింగెల్ ఊహను తగినంత పెద్ద ట్రీలన్నిటికీ నిరూపించారు. చుక్కలను వలయంగా పేర్చి, దూరాన్ని బట్టి గీతలకు రంగులు వేసి, అన్నీ వేర్వేరు రంగులు వచ్చేలా ట్రీ నకలు ఒకటి పట్టుకుని, దాన్ని గుండ్రంగా తిప్పారు. కబడ్డీ టోర్నీలో రోజుకో అంకె కలిపిన ఎత్తే ఇది! ఆ మొదటి నకలును పట్టుకోవడానికి వాడింది మాత్రం సంభావ్యత. చుక్కలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ పోతే ట్రీ చాలావరకు అమరుతుందని చూపి, మిగిలిన కొసరును జాగ్రత్తగా సర్దారు. ఆలోచన పాతదే, దాన్ని నడిపిన యంత్రం కొత్తది. ప్రాబబిలిటీ బాగా చదవని లేబులింగ్ పరిశోధకుడికి ఈ తలుపు కనబడదు.

కొన్ని చుక్కలతో మిగతా చుక్కలన్నిటినీ పక్కనుంచి కాపు కాయడాన్ని చూసే డామినేషన్ సంగతీ ఇంతే. చదరంగం బల్ల మీద ప్రతి గడినీ కాపు కాయడానికి ఎన్ని మంత్రులు కావాలి అనే ప్రశ్న (జవాబు అయిదు) నుంచి పెరిగిన విభాగమిది. ఇప్పుడు దాని రకాలు లెక్కకు మిక్కిలి. కొత్త నిర్వచనం రాసి, గొలుసుకూ చక్రానికీ పూర్తి గ్రాఫ్‌కూ విలువలు కట్టి పేపరు పూర్తిచేయడం తేలిక. ఆ నిర్వచనం లేకపోతే ఎవరికి ఏ ప్రశ్న ఆగిపోయేది అన్నదే దాని విలువను పట్టిచ్చే ప్రశ్న.

పేపర్ల లెక్క ఎటు నెడుతుంది?

విద్యార్థులు చిన్న సమస్యల వైపు మొగ్గడానికి నిబంధనలూ కారణమే. 2016 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు కనీసం ఒక జర్నల్ పేపరు, రెండు సదస్సు పత్రాలు ఉండాలి. గడువు దగ్గరపడిన స్కాలర్‌కు త్వరగా అచ్చయ్యే పేపరే కావాలి. డబ్బు తీసుకుని వారాల్లో అచ్చేసే పత్రికలకు ఇది గిరాకీ తెచ్చింది. వాటిని వడకట్టడానికి 2018లో యూజీసీ కేర్ జాబితాను (ఆమోదిత పత్రికల పట్టికను) ప్రకటించారు. 2022 నవంబరు నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్న షరతును ఎత్తేశారు, ఎంఫిల్‌ను రద్దు చేశారు. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితా కూడా పోయింది. మంచి పత్రిక ఏదో నిర్ణయించే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థల మీద పడింది.

గణితానికి ఇది మొత్తం మీద మేలే. గ్రాఫ్ థియరీ పెద్ద పత్రికల్లో ఒక పేపరు పరిశీలనకే ఏడాది పట్టడం మామూలు. పేపరు షరతు ఉన్నంతకాలం మంచి పత్రికకు పంపిన విద్యార్థికే నష్టం జరిగేది. అయితే ఉద్యోగం వచ్చాక లెక్క మళ్లీ మొదలవుతుంది. 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ హోదాకు చేరాలంటే కనీసం పది పేపర్లు కావాలి. పదేనని చెబుతారు, ఎంత లోతైనవో చెప్పరు.

గైడ్లు తక్కువైతే సీట్లూ తక్కువ

ఉత్తర తెలంగాణలో గణిత పరిశోధనకు ముఖ్యమైన చిరునామాలు కొన్నే. 1959లో దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టి 2002లో నిట్‌గా మారిన వరంగల్ సంస్థ ఒకటి. ఉస్మానియా పీజీ సెంటర్ నుంచి 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం మరొకటి. నిజామాబాద్‌లో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం, కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాయి. నిట్, కాకతీయ రెండూ హనుమకొండలో కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఒకటి కేంద్ర నిధుల మీద, మరొకటి రాష్ట్ర నిధుల మీద నడుస్తాయి. విద్యార్థి అనుభవంలో తేడా అక్కడే మొదలవుతుంది.

నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి గైడ్‌గా ఉండొచ్చు. గైడ్ రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉంటే కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, బోధన భారాన్ని కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు మోస్తున్న పరిస్థితికి ఈ నియమాలను కలిపి చూడాలి. పీహెచ్‌డీ ఉండి, ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకుడు ఒక్క స్కాలర్‌నూ తీసుకోలేడు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి ఒక నియామక బోర్డు పెట్టాలన్న బిల్లును 2022లో శాసనసభ ఆమోదించినా, అది అమల్లోకి రాలేదు. ఒక పోస్టు ఖాళీగా ఉండటమంటే ఒక జీతం మిగలడం కాదు, నాలుగు నుంచి ఎనిమిది పరిశోధన సీట్లు పోవడం.

గ్రాఫ్ థియరీకి ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. విభాగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు గైడ్లలో ఈ అంశం చేసేవారు ఒక్కరే ఉంటే, స్కాలర్ ఎంచుకునే సమస్య కూడా ఆ ఒక్కరి పరిచయ పరిధిలోనే ఉంటుంది. గైడ్ లేబులింగ్ చేస్తే శిష్యులంతా లేబులింగే.

రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 57,700 రూపాయలు, ప్రొఫెసర్ స్థాయిలో 1,44,200. పీహెచ్‌డీ ఉన్నవారికి పదోన్నతి దశలు నాలుగు, అయిదు, మూడు, మూడేళ్లు. అన్నీ సకాలంలో జరిగినా పదిహేనేళ్లు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా సెట్ కనీస అర్హతగా సరిపోతుంది, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నిట్‌లలో మాత్రం పీహెచ్‌డీ లేకుండా దరఖాస్తే కుదరదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరినవారికి కంప్యూటర్స్ విద్యార్థులకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చెప్పే అవకాశం వస్తుంది. థీసిస్‌కూ తరగతి గదికీ సంబంధం మిగిలే చోటు అదొక్కటే.

పెద్ద కేంద్రాలకు దూరంగా చేసినవాళ్లు

ఈ రంగంలో చిరునామా కన్నా సమస్య ముఖ్యమని చెప్పే జీవితాలు ఉన్నాయి. సోవియట్ గణితవేత్త వాదిమ్ విజింగ్‌ను మాస్కోలో ఫంక్షన్ల అప్రాక్సిమేషన్ మీద పరిశోధనకు పెట్టారు. ఆ అంశం నచ్చక, మార్చుకోనివ్వక, డిగ్రీ లేకుండానే వదిలేసి సైబీరియాలోని నోవోసిబిర్‌స్క్ వెళ్లాడు. ఒక చుక్క దగ్గర కలిసే గీతలకు వేర్వేరు రంగులు వేయాలంటే, ఏ చుక్క దగ్గరైనా ఎక్కువలో ఎక్కువ ఎన్ని గీతలున్నాయో అన్ని రంగులు, లేదంటే ఇంకొక్క రంగు చాలునని నిరూపించాడు. పేరున్న పత్రిక తిప్పి పంపితే 1964లో నోవోసిబిర్‌స్క్‌లోని చిన్న పత్రికలో అచ్చయింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ గ్రాఫ్ థియరీ పాఠ్యపుస్తకమూ ఆ సిద్ధాంతం లేకుండా ఉండదు. తర్వాత ఆయన ఒడెస్సాలో ఆహార సాంకేతిక విద్యాసంస్థలో గణితం చెప్పాడు.

మన దగ్గర మద్రాస్ ఐఐటీకి చెందిన కె.ఆర్.పార్థసారథి (సంభావ్యతా శాస్త్రంలో పేరుపడ్డ పార్థసారథి వేరు), జి.రవీంద్రతో కలిసి 1976లో ఒక పని చేశారు. పర్ఫెక్ట్ గ్రాఫ్‌ల (ఏ భాగం తీసుకున్నా, అందులో ఒకదానితో ఒకటి అన్నీ కలిసిన చుక్కల అతి పెద్ద గుంపులో ఎన్ని చుక్కలుంటే అన్ని రంగులే చాలే గ్రాఫ్‌ల) మీద క్లాడ్ బెర్జ్ 1961లో చేసిన ఊహను, మధ్య చుక్క నుంచి మూడు గీతలు చీలే పంజా ఆకారం లేని గ్రాఫ్‌లకు నిరూపించారు. పూర్తి నిరూపణ 2002లో నలుగురు గణితవేత్తల చేతుల్లో పూర్తయి 2006లో అచ్చయింది. ఇదీ ఒక కుటుంబానికి చేసిన పనే. కానీ దాని గురి పెద్ద ప్రశ్న మీద ఉంది, ఆ ప్రశ్న చరిత్రలో దానికి స్థానం మిగిలింది. లేబులింగ్ పేపర్లతో పోల్చినప్పుడు తేడా పరిమాణంలో లేదు, గురిలో ఉంది.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది?

కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఇందులో దిశ మారే అవకాశం నిజంగా ఉండేది మొదటి ఏడాదే. గైడ్ పేరు ఖరారు కాకముందే ఆయన చివరి అయిదేళ్ల పేపర్లు ఎక్కడ వచ్చాయో చూడొచ్చు. పాత స్కాలర్లు ఇప్పుడు ఎక్కడున్నారో అడగొచ్చు. కోర్సువర్క్‌లో ప్రాబబిలిటీనో ఆల్గరిథమ్స్‌నో ఎంచుకోవచ్చు, కంప్యూటర్స్ విభాగంలో ఒక కోర్సు వినడానికి అనుమతి అడగొచ్చు. కాకతీయ స్కాలర్‌కు నిట్‌లో జరిగే సెమినార్ బస్సు టికెట్టు దూరమే. నాలుగో ఏట, సినాప్సిస్ రాసే వేళకు, ఈ పనులేవీ చేసే వీలుండదు. అప్పటికి చేతిలో ఉన్న సమస్యే ఆ మనిషి గ్రాఫ్ థియరీ అయిపోయి ఉంటుంది.